కామాటిపురా కింది నేల ఎక్కడిది, ఆ పేరు ఎవరిది?

పోయిన ఎండాకాలం మా ఇంట్లో ఒక పెళ్లి సంబంధం చూస్తున్నప్పుడు అమ్మాయి బయోడేటా నన్ను టైపు చేయమన్నారు. అడ్రస్ దగ్గర గల్లీ నంబరు, బిల్డింగు పేరు కొట్టి, ఆ తర్వాత "కామాటిపురా" అని కొట్టాను. పక్కన కూర్చున్న మా చిన్నమ్మ వెంటనే అంది: "అది తీసెయ్ బిడ్డా. ముంబై సెంట్రల్ అని పెట్టు. పిన్‌కోడ్ ఒక్కటే గదా!"

నిజమే, రెండింటికీ 400008. అది మా ఇండ్లల్ల కొత్త ముచ్చట కూడా కాదు. స్కూలు ఫారంలో, నౌకరీ అర్జీలో, బ్యాంకులో ఎప్పటి నుంచో ఇదే లెక్క. కొందరు నాగ్‌పాడా అంటారు, కొందరు గ్రాంట్ రోడ్ అంటారు. నేను కూడా ఆ రోజు చిన్నమ్మ చెప్పినట్టే చేశాను. కాని ఆ రాత్రి, చెరిపేసిన ఆ మాటేందో ఒకసారి సక్కగ తెలుసుకుందామనిపించింది. దాని వెంట పోతే కథ పెళ్లి సంబంధాల దగ్గర ఆగలేదు, నేల పుట్టుక దాకా పోయింది.

ముంబై ఏడు దీవుల ఊరు అని మనందరం చిన్నప్పుడే చదువుకున్నాం. బాంబే, మజ్‌గావ్, పరేల్, వర్లీ, మాహీం, కొలాబా, చిన్న కొలాబా. మరి కామాటిపురా వీటిలో ఏ దీవి మీద ఉంది? ఇది నేను చాలామందిని అడిగాను. కొందరు మజ్‌గావ్ అన్నారు, ఎక్కువమంది బాంబే అన్నారు. పాత మ్యాపులు ముందు పెట్టుకుని చూస్తే అది నిజానికి ఏ దీవి మీదా నిలవదు. దీవుల నడుమ ఆటుపోట్ల నీళ్లు తిరిగే బురద మైదానం ఉండేది. ఇంగ్లిషోళ్లు దాన్ని ఫ్లాట్స్ అన్నారు. బైకుల్లా, తాడ్‌దేవ్, మహాలక్ష్మి చుట్టుపక్కల నేల చాలావరకు అదే. మన గల్లీలు ఆ బురద అంచు మీద లేచినవి.

ఇక్కడ ఒక్క మాట. దీవి అనంగానే మన తెలుగోళ్ల కండ్ల ముందు మెదిలేది సముద్రం నడుమ ఉండే దీవి కాదు, నదిలోది. కోనసీమ లంకలు, కృష్ణా దివిసీమ. వాటికీ ముంబై దీవులకూ పుట్టుకలోనే తేడా ఉంది. ఆ తేడా తెలిస్తే కామాటిపురా ఎందుకు విచిత్రమైన నేలో అర్థమవుతుంది. అందుకే ముందు అటు పోయొద్దాం.

గోదావరి ధవళేశ్వరం దాటినంక గౌతమి, వసిష్ఠ అని పాయలుగా చీలుతుంది. కొండల్లో ఉరికొచ్చిన నీళ్లు చదును నేల మీదికి రాగానే మెల్లబడతాయి. మెల్లబడ్డ నీళ్లు మోసుకొచ్చిన ఇసుక, ఒండ్రు మోయలేవు, దించేస్తాయి. దాన్నే మేట వేయడం అంటారు. ఏటేటా వరదకు మేట మీద మేట పడి, గడ్డి మొలిచి, ఎవరో ఒకరు ధైర్యం చేసి అక్కడ విత్తనం వేస్తే అది లంక అవుతుంది. లంక పొగాకు పేరు మీరు విని ఉంటారు, అది ఆ ఒండ్రు మహిమే. నది ఒకవైపు వేసినట్టే మరోవైపు కోసుకుపోతుంది కూడా. నిన్నటి పొలం ఇవాళ నీళ్లల్ల ఉంటుంది. అక్కడి రైతులు కోత అని ఒక మాట అంటే అది వరికోత కావచ్చు, గట్టు కోత కావచ్చు, సందర్భాన్ని బట్టి అర్థం చేసుకోవాలి.

ఇట్లాంటి నేలకు తెలుగులో ఒక్క పేరు కాదు, గంపెడు పేర్లున్నాయి. నదిలో మేటతో లేచినది లంక: నాగాయలంక, కేదారలంక, బూరుగులంక. సముద్రం దగ్గర ఇసుక ఎత్తుగా నిలిస్తే తిప్ప లేదా దిబ్బ: బలుసుతిప్ప అట్లాంటిదే. బలుసు అంటే ఒక పొద. బూరుగులంకలో బూరుగు చెట్టు. అంటే ఆ నేల మీద మొదట కంటికి ఏది కనపడిందో అదే పేరు. కృష్ణ సముద్రంలో కలిసే చోట దివిసీమ ఉంది. దివి అంటే ద్వీపమే, నోటికి నోటికి అరిగి దివి అయింది. గుజరాత్ పక్కన ఉన్న డయ్యూ కూడా అదే ద్వీపం మాట అరిగి మిగిలింది. ఇటు పడమర సముద్రం, అటు తూర్పు సముద్రం, రెండు కొసల్లో ఒకటే మాట మిగలడం నాకు భలే అనిపిస్తుంది.

ఇవన్నీ కోస్తా మాటలు, మనవి కావంటారు మీలో చాలామంది. ముంబై తెలుగోళ్లలో ఎక్కువమంది మూలాలు పాలమూరు, నల్లగొండ, కరీంనగర్, నిజామాబాద్ వైపు. మా అవ్వకు లంక అంటే రావణాసురుడి లంకే, ఇంకోటి తెలియదు. అయితే మన దిక్కు కూడా నదిలో దీవులున్నాయి, వాటికి మన మాట కూడా ఉంది: గడ్డ. గద్వాల దగ్గర కృష్ణానది రెండుగా చీలి మళ్లీ కలిసే చోట, నీళ్ల నడుమ గుర్రంగడ్డ అనే ఊరుంది. పుట్టి ఎక్కో, పడవ ఎక్కో దాటిన ఊరది. ఇదే గడ్డ దివిసీమలో అవనిగడ్డ, పులిగడ్డ అనే పేర్లలో కనిపిస్తుంది. గడ్డ అంటే నీళ్లల్లోంచి పైకి లేచిన నేల, మునగని నేల. "గడ్డన పడ్డం" అంటే కష్టం దాటినం అని కదా మనోళ్లు అంటరు, ఆ గడ్డే ఇది. తెలంగాణ నోట్లో నుంచి కోస్తా నోట్లోకి పోయిందా, అటు నుంచి ఇటు వచ్చిందా అని కొట్లాడే పనిలేదు. కృష్ణానది ఒడ్డు పొడుగునా ఉన్నోళ్ల ఉమ్మడి మాట.

ఇప్పుడు ముంబైకి వద్దాం. ఇక్కడి దీవులు నది వేసినవి కావు. కింద నల్లరాయి. అగ్నిపర్వతాల లావా గడ్డకట్టి ఏర్పడిన రాతి గుట్టల వరసలవి: మలబార్ హిల్, డోంగ్రీ, మజ్‌గావ్, వర్లీ, పరేల్ అంచుల్లో ఆ రాయి ఇప్పటికీ బయటపడుతుంది. గుట్టల నడుమ పల్లాల్లోకి సముద్రం పోటు వచ్చినప్పుడు నీళ్లు, పాటు వచ్చినప్పుడు బురద. మీఠీ నది ఉత్తరాన మాహీం ఖాడీలో కలుస్తుంది కాని దానికి డెల్టా వేసేంత బలం లేదు. అంటే ఇక్కడ దీవుల మధ్య నేల నింపడానికి గోదావరి లేదు. ఎవరో మోయాలి.

మోసినోళ్ల ముచ్చట ముందుంది. దానికన్నా ముందు పేర్ల ముచ్చట, ఎందుకంటే ఇక్కడి పాత పేర్లు చదివితే నాకు లంకల పేర్లే గుర్తొస్తాయి. కోలీలు, భండారీలు, ఆగ్రీలు కంటికి కనపడ్డదాన్నే పేరుగా పెట్టుకున్నారు. ముంబాదేవి పేరు మీద ముంబై. కోలీల నేల కొలాబా. చించ్‌పోక్లీలో ఉన్నది మన చింతచెట్టే. తాడ్‌దేవ్‌లో తాటిచెట్టు. ఫణస్‌వాడీలో పనస. భేండీ బజార్ అంటే బెండకాయల బజారు కాదు, మనం గంగరావి అనే చెట్టుది. బైకుల్లా పేరు మీద రెండు మూడు వాదాలున్నాయి. అందులో ఒకటి ఏమంటుందంటే బహావా చెట్లున్న ఖళా, అంటే కళ్లం. బహావా అంటే మన రేల చెట్టు. ఎండాకాలంలో పచ్చగా గుత్తులు గుత్తులుగా పూస్తుంది చూడండి, ఆ రేల. ఈ వాదమే నిజమైతే బైకుల్లా మన భాషలో రేలకళ్లం అవుతుంది. నాకు మాత్రం ఆ వాదమే గెలవాలని ఉంది, కారణమేమీ లేదు, పేరు బాగుందని.

ఇంకో రకం పేర్లున్నాయి. నీళ్లు పోయినా నీళ్ల పేరు మిగిలినవి. ఉమర్‌ఖాడీలో ఇప్పుడు ఖాడీ లేదు. ఉంబర్ అంటే మేడి చెట్టు, ఆ మేడి ఖాడీ ఒకప్పుడు బాంబే దీవినీ మజ్‌గావ్‌నూ విడదీసేది. పాయధునీ అంటే కాళ్లు కడుక్కునే చోటు. అటునుంచి బురద దాటి వచ్చినోళ్లు ఊర్లోకి అడుగుపెట్టే ముందు కాళ్లు కడుక్కున్నారట. ఇవాళ అక్కడ సందు లేకుండా దుకాణాలు. పేరు ఒక్కటే నీటి గుర్తుగా మిగిలింది.

పోర్చుగీసోళ్ల చేతికి ఈ దీవులు 1534లో వచ్చాయి. 1661లో వాళ్ల రాజకుమారి పెళ్లి ఇంగ్లండ్ రాజుతో కుదిరినప్పుడు కట్నం కింద పోయాయి. 1668లో ఆ రాజు ఏడాదికి పది పౌన్ల కిరాయికి ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. అప్పటికి ఇది పోటుకు మునిగే, పాటుకు కంపుకొట్టే చోటు. సముద్రం లోపలికి వచ్చే అతి పెద్ద దారి మహాలక్ష్మికీ వర్లీకీ నడుమ ఉండేది. అది మూసేస్తే నడుమనున్న ఫ్లాట్స్ మొత్తం ఆరిపోతుంది. 1771 నుంచి 1784 దాకా గవర్నరుగా ఉన్న విలియం హార్న్‌బీ పేరు మీద ఆ కట్ట హార్న్‌బీ వెల్లార్డ్ అయింది. కట్ట కడుతుంటే పదే పదే కొట్టుకుపోయిందనీ, ఇంజనీరు కలలో దేవత కనపడితే సముద్రంలోంచి విగ్రహాలు తీసి గుడి కట్టినంక నిలిచిందనీ మహాలక్ష్మి గుడి కథ. వెల్లార్డ్ అనే మాట ఇంగ్లిషు కాదు, పోర్చుగీసు వల్లాదో, గట్టు అని అర్థం. ఇప్పుడు ఆ రోడ్డు లాలా లజ్‌పత్‌రాయ్ మార్గ్. హాజీ అలీకి పోయేటప్పుడు మనం ఎక్కే రోడ్డే అది.

కట్ట కట్టంగనే నేల తయారు కాలేదు. చాలామంది రాసేది చదివితే వెల్లార్డ్ కట్టారు, ఊరు లేచింది అన్నట్టు ఉంటుంది. సముద్రం ఆగింది కాని వాన ఆగలేదు. గిన్నెలాంటి పల్లంలో వాన నీళ్లు నిలిచిపోయేవి. ఆ గిన్నెను నింపాలి. మట్టి, రాళ్లు, గుట్టలు తవ్విన మొరం, ఆఖరుకు ఊరి చెత్త కూడా తెచ్చి పోశారు. అట్లా దశాబ్దాల తరబడి నడిచింది. 1803లో కోటలో పెద్ద అగ్నిప్రమాదం జరిగినంక జనం కోట బయటికి, ఉత్తరానికి జరగడం పెరిగింది. నేలకు గిరాకీ పెరిగింది. మట్టి మోసేవాళ్లకు గిరాకీ పెరిగింది.

18వ శతాబ్దం చివరి నుంచి నిజాం ఇలాకా నుంచి మనోళ్లు ఇక్కడికి రావడం మొదలైంది. మట్టిపని, రాతిపని, తాపీ పని. ఇవాళ కూడా పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు, ఎక్కడ డ్యాం కట్టినా, కాలువ తవ్వినా, గుంపుమేస్త్రీ వెంట ఊర్లకు ఊర్లు కదిలిపోవడం. ముంబై దానికి చాలా పాత గురుతు. ఇక్కడి జనం వాళ్లందరినీ కలిపి కామాటీలు అన్నారు. వాళ్లు గుడిసెలేసుకున్న చోటు కామాటిపురా.

కామాటి అంటే కులం కాదు. దీని గురించి మన ఇండ్లల్లోనే చాలా గజిబిజి ఉంది. మునూరు కాపులు, పద్మశాలీలు, ఒడ్డెరలు, ఉప్పరులు, దళితులు, ఎవరు వచ్చినా బయటివాళ్ల నోట్లో అందరూ కామాటీలే. మాట పుట్టుక మీద రెండు దారులున్నాయి. ఒకటి, మరాఠీ, హిందీల్లో కామ్ అంటే పని, పని చేసేవాడు కామాటి. ఇంకోటి మన కమతం. కమతం అంటే సేద్యం, కమతగాడు అంటే పొలం పనివాడు. మొదటిదాన్ని చాలామంది కండ్లు మూసుకుని ఒప్పుకుంటారు, వినంగనే అర్థమవుతుంది కాబట్టి. నా మటుకు నాకు కమతమే మూలమనిపిస్తుంది. ఊర్లో కమతగాడిగా ఉన్నోడు ఇక్కడికి వచ్చేసరికి పొలం లేదు, పని మాత్రం ఉంది. 'క' కాస్తా పక్కనున్న కామ్ ప్రభావంతో 'కా' అయి ఉంటుంది. ఇది నా ఊహ, పందెం కాయను. తెలంగాణలో కామాటి పని అంటే కూలిపని అని ఇప్పటికీ పెద్దోళ్ల నోట వినొచ్చు. అంటే ఎటు నుంచి చూసినా అది చెమట మాట, తిట్టు మాట కాదు.

వాళ్ల చేతుల్లో ఏమున్నాయి? గడ్డపార, పార, తట్ట. మగవాళ్లు తవ్వడం, ఆడవాళ్లు తట్ట నెత్తిన పెట్టుకుని మోయడం. నెత్తి మీద గుడ్డ చుట్ట. గోదావరి చేసే పని ఇక్కడ ఆ తట్టలు చేశాయి. నది ఒండ్రు మోసుకొచ్చి దించినట్టే గుట్ట దగ్గర ఎత్తుకుని పల్లంలో దించడం. ఈ పోలిక నాకు తట్టింది ఒక మాట వల్ల. మరాఠీలో సముద్రం పోటును భర్తీ అంటారు. పాటును ఓహోటీ. మన తెలుగులో భర్తీ అంటే నింపడం, ఖాళీ పోస్టు భర్తీ చేశారు అంటాం కదా. మరాఠీలో కూడా ఆ అర్థం ఉంది. ఒకప్పుడు ఈ పల్లంలో రోజుకు రెండుసార్లు సముద్రం భర్తీ అయ్యేది. తర్వాత మనుషులు దాన్ని భర్తీ చేశారు. మాట అదే, చేసేది మారింది.

మాటల మీదే ఉందాం కాసేపు. కోస్తా తెలుగులో సముద్రం మాటలకు కొదవ లేదు: పోటు, పాటు, మొగ, పర్ర. తెలంగాణ నుంచి వచ్చిన మనోళ్లకు సముద్రమే కొత్త. అందుకే సముద్రం మాటలన్నీ ఇక్కడివే ఎత్తుకున్నారు. ఖాడీని ఖాడీ అన్నారు, భర్తీని భర్తీ అన్నారు, బందర్‌ను బందర్ అన్నారు. కాని ఇంట్లోకి వచ్చే నీళ్ల మాటలు చూడండి, అవి తెలంగాణవి. నల్లా, మోరీ, బిందె, గోలెం. నల్లా, మోరీ రెండూ మరాఠీకి కూడా దగ్గరే కాబట్టి ఎటూ తగువు లేకుండా నిలిచిపోయాయి. మా అవ్వ మాట ఒకటి చెప్తాను. ఆమెది గోదావరి ఒడ్డు ఊరు. అటు నిజామాబాద్, కరీంనగర్ వైపు గోదావరిని గోదావరి అనరు, గంగ అంటారు. వానాకాలంలో మా గల్లీలోకి నీళ్లు వచ్చి మోకాలి దాకా నిలిస్తే ఆమె కిటికీలోంచి చూసి "గంగ వచ్చింది" అనేది. మేం నవ్వేవాళ్లం, ఇక్కడ గంగెక్కడిది అవ్వా, మోరీ పొంగింది అని.

ఇప్పుడు ఆలోచిస్తే ఆమె మాటే దగ్గర. నీళ్లు దారి మర్చిపోవు. మన గల్లీల కింద ఉన్నది పాత పల్లం. ముంబై పాత మోరీలు ఎక్కువగా వాలు మీద ఆధారపడి సముద్రంలోకి పోతాయి. పోటు ఎత్తుగా ఉన్న గంటల్లోనే పెద్ద వాన పడితే సముద్రం మట్టం మోరీ మూతి కన్నా పైన ఉంటుంది, నీళ్లు బయటికి పోలేక వెనక్కి తంతాయి. అందుకే వానాకాలంలో మున్సిపాలిటీ వాళ్లు నాలుగున్నర మీటర్లు దాటే పోటు ఉన్న రోజులను ముందే ప్రకటిస్తారు. వర్లీలో లవ్‌గ్రోవ్ పంపింగ్ స్టేషన్ పెట్టింది కూడా ఆ నీళ్లను తోడి సముద్రంలోకి నెట్టడానికే. అంటే వెల్లార్డ్ కట్టి రెండు వందల నలభై ఏండ్లు అవుతున్నా ఆ నేలను నేలగా ఉంచడానికి ఇప్పటికీ మోటారు తిరగాల్సిందే.

మళ్లీ పేరు దగ్గరికి వద్దాం. కామాటిపురా చుట్టూ ఉన్న రోడ్లను చూడండి. బెలాసిస్ రోడ్ మేజర్ జనరల్ బెలాసిస్ పేరు మీద. ఆ రోడ్డు వేసింది మాత్రం కరువులో సూరత్ నుంచి తరలి వచ్చిన పేదలు, చందాలు వసూలు చేసి వాళ్లకు కూలి ఇచ్చారు. పేరు మాత్రం జనరల్‌ది. డంకన్ రోడ్ గవర్నర్ డంకన్‌ది. గ్రాంట్ రోడ్ గవర్నర్ గ్రాంట్‌ది. ఫాక్‌లాండ్ రోడ్ గవర్నర్ ఫాక్‌లాండ్‌ది. ఫోరాస్ రోడ్ ఒక్కటి మనిషి పేరు కాదు. సముద్రం నుంచి తీసిన ఇలాంటి నేలలనే ఫోరాస్ భూములు అనేవాళ్లు. పోర్చుగీసు ఫోరో అంటే నేలకు కట్టే శిస్తు, ఫోరా అంటే బయట. రెండింట్లో ఏదైనా కావచ్చని పండితుల తగువు. రెండూ మనకు సరిపోతాయి: ఊరి బయట నేల, శిస్తు కట్టే నేల.

స్వాతంత్ర్యం వచ్చినంక ఈ పేర్లన్నీ మారాయి. బెలాసిస్ పోయి జహంగీర్ బొమన్ బెహ్రామ్ మార్గ్ వచ్చింది. డంకన్ రోడ్ మౌలానా ఆజాద్ రోడ్ అయింది. గ్రాంట్ రోడ్ మౌలానా షౌకత్ అలీ రోడ్, ఫాక్‌లాండ్ రోడ్ పఠ్ఠే బాపూరావ్ మార్గ్, ఫోరాస్ రోడ్ ఆర్. ఎస్. నిమ్కర్ మార్గ్. దొరల పేర్లన్నీ బోర్డుల మీద నుంచి దిగిపోయాయి. కూలోళ్ల పేరు దిగలేదు. పక్కన కుంభార్‌వాడా ఉంది, కుమ్మరోళ్లది. ఆగ్రీపాడా ఉంది, ఉప్పు మళ్లలో పనిచేసిన ఆగ్రీలది. ఆ వరసలో కామాటిపురా. ఇవి ఎవరూ సన్మానం చేసి పెట్టిన పేర్లు కావు. బూరుగు చెట్టున్న లంక బూరుగులంక అయినట్టే, కామాటీలున్న చోటు కామాటిపురా అయింది. కంటికి కనపడ్డదే పేరు.

కనపడిందంతా కూలే అనుకుంటే పొరపాటు. మట్టి మోసిన వాళ్లలోంచే గుత్తేదారులు పుట్టారు. జోతిబా ఫూలే 1873లో పుణేలో సత్యశోధక్ సమాజ్ పెట్టినప్పుడు ముంబైలో ఆయన వెనక నిలబడ్డది ఎక్కువగా కామాటిపురా తెలుగోళ్లే. వ్యంకూ బాళూ కాళేవార్, జయా కరాడీ లింగూ లాంటి తెలుగు కాంట్రాక్టర్ల పేర్లు ఆ సమాజ్ చరిత్రలో ఉన్నాయి. పేర్లు మరాఠీ పద్ధతిలో వినపడతాయి కాని మనుషులు మనోళ్లు. ఇది మన పిల్లలకు ఎవరూ చెప్పరు. దీని మీద వేరేగా రాయాల్సింది చాలా ఉంది, ఇక్కడ ఇంతే.

మరి పేరుకు మచ్చ ఎట్లా పట్టింది? 19వ శతాబ్దం రెండో సగంలో రేవు పెరిగింది, ఓడల మీద వచ్చే సిపాయిలు, నావికులు పెరిగారు. వాళ్ల కోసం వ్యాపారం నడిచే ఇండ్లు ఈ చుట్టుపక్కలకు చేరాయి. యూరప్ ఆడవాళ్లను పెట్టిన కర్సెట్‌జీ సుఖ్లాజీ స్ట్రీట్‌ను జనం సఫేద్ గల్లీ అనేవాళ్లు. అట్లా కొన్ని గల్లీల్లో నడిచిన దందా మొత్తం పేరు మీద పడింది. ఇంకో గల్లీలో పొద్దున్నే లేచి పనికి పోయేవాళ్లు, బీడీలు చుట్టేవాళ్లు, బతుకమ్మ పేర్చేవాళ్లు లెక్కలోకి రాలేదు. అక్కడికి అమ్మబడి వచ్చిన ఆడవాళ్ల తప్పు కూడా ఇందులో ఏమీ లేదు, వాళ్ల బతుకు మా కన్నా కష్టం. మా చిన్నమ్మ భయం మాత్రం సినిమాలు చూసి పుట్టింది కాదు, అనుభవించి పుట్టింది. "ఎక్కడుంటరు?" అని అడిగినోళ్లు జవాబు విన్నంక ఒక్క క్షణం ఆగుతారు చూడండి, ఆ ఆగడం ఆమె చాలాసార్లు చూసింది. అందుకే ఆమెను నేను తప్పు పట్టను.

కాని ఇప్పుడు ఇంకో సంగతి వచ్చింది. కామాటిపురా మొత్తాన్ని కలిపి కొత్తగా కట్టే పథకం మ్హాడా ద్వారా నడుస్తోంది. వర్లీ, నాయ్‌గావ్ బీడీడీ చాళ్లు ఇప్పటికే టవర్లు అవుతున్నాయి. 1920ల్లో కట్టిన ఆ చాళ్లలో కూడా మనోళ్లు చాలామంది ఉన్నారు. ఇరుకు ఖోలీలో, అందరికీ ఒకే సండాసులో బతికినోళ్లకు సొంత బాత్రూం ఉన్న ఇల్లు వస్తుందంటే వద్దనే హక్కు నాకు లేదు. మా ఇంటి గోడ తడి చూసినోళ్లెవరూ వద్దనరు. నా గొడవ పేరుది. మన గల్లీలకు వేరే పేర్లు లేవు, ఒకటో గల్లీ, రెండో గల్లీ అని నంబర్లే. గల్లీ పోతే నంబరు పోతుంది. కొత్త బిల్డింగులకు బిల్డర్లు పెట్టే పేర్లు ఎట్లుంటాయో లోయర్ పరేల్‌లో మిల్లులు పోయిన చోట చూశాం కదా, హైట్స్ అనో పార్క్ అనో. అక్కడ కామాటి అనే మాటకు జాగా ఎవరు పెడతారు? ఉమర్‌ఖాడీలో నీళ్లు పోయినా ఖాడీ అనే మాట మిగిలింది. ఎందుకంటే జనం దాన్ని పలకడం మానలేదు. మనం పలకడానికే సిగ్గుపడుతుంటే బిల్డర్‌ను ఏమనాలి?

ఈ నెలలో పాత కాగితాలు తీసి చూశాను. మా తాత మిల్లు కార్డులో, బాపు స్కూలు దాఖలాలో, మా ఇంటి కిరాయి రసీదుల్లో అన్నిట్లో కామాటిపురా అనే ఉంది. ఒక్కోచోట ఒక్కో తీరు, టీ మీద ఒత్తు ఒకచోట ఉంది, ఇంకోచోట లేదు. మీ ఇండ్లల్ల కూడా ఉంటాయి ఇట్లాంటివి. ఖాళీ చేసే ముందు రద్దీకి అమ్మకండి, ఒక ఫోటో తీసి పెట్టండి. పెద్దోళ్లు ఉంటే వాన నీళ్లు గల్లీలోకి వచ్చినప్పుడు వాళ్లు ఏమనేవాళ్లో అడగండి. గంగ అనేవాళ్లా, వాగు అనేవాళ్లా, ఒర్రె అనేవాళ్లా. ఆ ఒక్క మాటతో మీ తాతల ఊరు ఏ నది పక్కదో చాలావరకు చెప్పొచ్చు.

బయోడేటా సంగతి అడుగుతారేమో. అమ్మాయికి చూపించాను. "రెండూ పెట్టు మామా, కామాటిపురా, ముంబై సెంట్రల్ అని. చదివి ఆగేటోళ్లు అక్కడనే ఆగనీ" అంది. చిన్నమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు.